హార్బర్‌లో బయటపడ్డ దొంగతనం

మల్కాపురంలోని మా చిన్న వర్క్‌షాపులో నౌకాదళం కోసం నీటి అడుగున తిరిగే డ్రోన్ తయారుచేస్తున్నాం. నా భాగస్వామి రమణ డిజైనంతా కాపీ చేసుకుని వెళ్లి, రుషికొండలో సొంత కంపెనీ పెట్టాడు. పరీక్షకు నౌకాదళ అధికారులు ఇద్దరినీ హార్బర్‌కు పిలిచారు.

ముందు అతని డ్రోన్‌ను దించారు. కాసేపటికే నీరు చేరి ఆగిపోయింది. రమణ కంగారుగా నా దగ్గరకొచ్చాడు.

"బావా, మూత కాడ నీరు కారతంది. ఏటి సెయ్యాలో సెప్పు."

అతను వెళ్లాక నేను సరిచేసిన లోపమే అది. అధికారులకు వినిపించేలా అన్నాను.

"నాను గీసిన డిజైన్ ఎత్తుకుపోనావు కదా బావా. తప్పు దిద్దింది మాత్రం నా కాడే ఉండిపోనాది."

అందరూ అతనివైపు తిరిగారు. రమణ తల దించుకున్నాడు.

తర్వాత మా డ్రోన్ నెగ్గింది. పాపం, నలుగురిలో అనకుండా ఉండాల్సిందని నా భార్య అంటుంది. నాకు మాత్రం ఆ మాట తలుచుకున్నప్పుడల్లా కడుపు చల్లగా ఉంటుంది.