ఇంటి అప్పుకి మామిడి తోట

మా ఇంటి అప్పు గడువు కంటే చాలా ముందే తీరిపోయింది. ఆ మాట విన్నవాళ్లంతా నన్ను మెచ్చుకుంటారు. "ఎంత పొదుపు మనిషివమ్మా!" అంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. తోట సంగతి చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పుకురావాలి. వినే ఓపిక వాళ్లకి ఉండదు, చెప్పే ఓపిక నాకూ ఉండదు.

మాది నూజివీడు. మా ఆయన బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. నేను ఇంట్లో జాకెట్లు కుడుతుంటాను. ఆయన పేరున బ్యాంకు లోను తీసుకుని రెండు గదుల డాబా వేసుకున్నాం. రిటైరయ్యాక కూడా కొన్నేళ్లు వాయిదాలు మిగులుతాయని, పింఛనులోంచి కట్టుకోవచ్చని బ్యాంకువాళ్లు మొదట్లోనే చెప్పారు. అందరూ అలాగే కడుతున్నారు కదా అన్నాను నేను. మా ఆయన మాత్రం ఆ రోజు నుంచే నిద్ర మానేశాడు.

దానికో కారణం ఉంది. ఆయన చిన్నప్పుడు వాళ్ల నాన్న బాకీ తీర్చలేదని అప్పిచ్చినవాడు మనుషుల్ని పంపించి వీధి తలుపు ఊడబీకించి పట్టుకుపోయాడట. ఆ వానాకాలమంతా గుమ్మానికి గోనెపట్టా కట్టుకుని పడుకున్నారట. పెళ్లయిన కొత్తలో ఈ సంగతి చెబితే నేను నమ్మలేదు. డాబా కట్టేటప్పుడు చూశాను. మిగతా ఇల్లంతా మేస్త్రీ ఎలా చెబితే అలా ఒప్పుకున్న మనిషి, వీధి తలుపు దగ్గర మాత్రం బందులు బలమైనవి పెట్టమని వడ్రంగిని నమిలి తినేశాడు.

అందుకని ఆయన పెట్టుకున్న గురి ఒక్కటే, రిటైరయ్యే రోజుకి అప్పుండకూడదు. నాకూ ఒక కోరిక ఉంది. విస్సన్నపేట రోడ్డులో నా పేరున మూడెకరాల మామిడి తోట ఉంది. మా నాన్న తన చేతులతో పెంచి, నా పెళ్లికి పసుపు కుంకుమ కింద రాసిచ్చాడు. అప్పు తీరాక ఆ తోటలో ఒక రేకుల గది వేసుకోవాలని, కాయల కాలమంతా అక్కడే ఉండి మా కాయ మేమే కోయించి మేమే అమ్ముకోవాలని నా ఆశ. అప్పటిదాకా ఏటా పూత చూసి వ్యాపారికి కాపు అమ్మేసేవాళ్లం. పూత పట్టిన చెట్ల కింద నిలబడి, ఇంత అని బేరమాడి, డబ్బు తీసుకుని వచ్చేయడమే. కాసినా, గాలికి రాలినా తర్వాత అదంతా వ్యాపారిదే.

ఇంటి ఖర్చు నేను చూసేదాన్ని. నాకు లెక్కలు రాయడం చేతకాదు. పెళ్లి శుభలేఖల కవర్లు దాచి, ఒక్కో ఖర్చుకి ఒక్కో కవరు పెట్టాను. జీతం రాగానే పాలు, కూరలు, కరెంటు, గ్యాసు అని పంచేసేదాన్ని. అన్నిటికంటే ముందు బ్యాంకు కవరు. కూరల కవరు ఖాళీ అయి గ్యాసు కవరు దగ్గర చేబదులు తీసుకుంటే, అది తీర్చేదాకా మా ఇంట్లో చారు నీళ్లే. "ఇంట్లో కూడా వాయిదాలేనా?" అని మా ఆయన విసుక్కునేవాడు. విసుక్కుంటూనే తన టీ డబ్బులు తెచ్చి బ్యాంకు కవరులో పడేసేవాడు. చుట్టాల పెళ్లిళ్లకి వెళితే చదివింపులు తగ్గించి, మొహం చాటేసి ముందు పంక్తిలోనే తినేసి వచ్చేవాళ్లం. నా గాజులు కూడా అమ్మేశాం. కాస్త పోగవగానే తీసుకెళ్లి అసలులో జమ చేసేవాళ్లం. కొంచెం కొంచెంగా అప్పు కరగడం చూస్తే, నిజం చెప్పొద్దూ, నాకు అదో పిచ్చిలా పట్టుకుంది.

ఆయన రిటైరయ్యే ఏడు వచ్చేసరికి ఇంకా పెద్ద మొత్తమే మిగిలింది. కవర్లు ఎంత పిండినా అది తేలేది కాదు. మా ఆయన అన్నం తగ్గించేశాడు. సరిగ్గా అప్పుడే, ఏటా మా కాపు కొనే వ్యాపారి ఇంటికొచ్చాడు.

"బావగారూ, ఏటా ఈ బేరాలెందుకండీ! మూడేళ్లకి కలిపి నాకే ఇచ్చేయండి. మొత్తం ఒకేసారి చేతిలో పెడతాను," అన్నాడు.

ఆయన చెప్పిన మొత్తం అప్పుకి సరిపోయి, పైన కాస్త మిగులుతుంది కూడా. మా నాన్న ఏనాడూ ఒక ఏడుకి మించి కాపు అమ్మలేదు. మూడేళ్ల డబ్బు ఒకేసారి ఇస్తామన్నవాడు ఆయనకి దొరికుండడు, అందుకే అమ్మలేదు అనుకున్నాను. మా చుట్టుపక్కల ఎంతమందో అలా ఇచ్చి ఆడపిల్లల పెళ్లిళ్లు చేశారు, ఇళ్లు కట్టారు. మేం కొత్తగా చేసిందేమీ లేదు.

స్టాంపు కాగితం రాయించారు. ఎరువులు, మందులు, తోట బాగోగులు మూడేళ్లూ లీజుదారు ఇష్టం అని అందులో ఒక ముక్క ఉంది. అందరి కాగితాల్లోనూ ఉండేదే. ఇంట్లో తినడానికి గట్టు పక్కనున్న రెండు చిన్నరసాల చెట్లు మాకు వదిలేస్తానన్నాడు. అది ఆనవాయితీ. తోట నాది కాబట్టి సంతకం నాదే. మా ఆయన పెన్ను మూత తీసి నా చేతికందించాడు. పెడతావా అని అడగలేదు. నేనూ పెట్టనా అని అడగలేదు.

అప్పు కట్టేసిన రోజు బ్యాంకులో మేనేజరు లేచి నిలబడి మా ఆయనకి చేయి కలిపాడు. తర్వాత కొన్నాళ్లకి ఇంటి దస్తావేజులు వెనక్కి ఇచ్చారు. ఆటోలో ఇంటికి వస్తూ ఆయన వాటిని రెండు చేతులతో ఒళ్లో పెట్టుకున్నాడు. ఇంటికొచ్చి, మధ్యాహ్నం అన్నం తిని, చాప మీద పడుకుని గురక పెట్టాడు. అన్నేళ్ల తర్వాత పట్టపగలు నిద్రపోయిన మనిషిని చూసి నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

ఆ వానలకి తోట చూద్దామని వెళ్లాను. కూలీలు చెట్ల మొదళ్ల చుట్టూ గాడి తీసి, బకెట్లతో మందు నీళ్లు పోస్తున్నారు. వ్యాపారి అక్కడే ఉన్నాడు.

"ఇదేంటండీ?" అన్నాను.

"పూత మందు అక్కయ్యగారూ. ఇది పోస్తే ఈ ఏడు ఒక్క చెట్టూ ఎగ్గొట్టదు."

"మా నాన్న ఎప్పుడూ పోయలేదు. మామిడికి ఒక ఏడు కాపు, ఒక ఏడు విశ్రాంతి ఉండాలి కదండీ?"

"విశ్రాంతి మీ చేతికొచ్చాక ఇచ్చుకోండి. నాకున్నవి మూడు కాపులే," అని నవ్వాడు. ఎంత మర్యాదగా నవ్వాడో! తిట్టి ఉంటే నేనూ నాలుగు తిట్టి వచ్చేదాన్ని.

ఆ ఏడు పూత ముందే వచ్చింది. ఆకు కనిపించలేదు. దారిన పోయేవాళ్లు బళ్లాపి చూశారు. తోట లీజుకిచ్చి ఎంత పొరపాటు చేశారో అని మమ్మల్ని జాలిగా చూశారు కూడా. నేనూ నా భయాన్ని తిట్టుకుని, పిచ్చిదాన్ని, మందే కదా అనుకున్నాను.

రెండో ఏడు మళ్లీ పోశారు, మరికాస్త ఎక్కువగా. పశువుల ఎరువు మాత్రం ఒక్క తట్ట కూడా వేయలేదు. ఎందుకు వేస్తాడు? దాని బలం చెట్టుకి అందేసరికి ఆయన గడువు అయిపోతుంది. చిగుళ్లు పొడుగ్గా సాగకుండా గుత్తుల్లా ముడుచుకుపోయాయి. ఆకులు చిన్నవైపోయాయి. మా రెండు చిన్నరసాల చెట్లకి మందు పడలేదు. అవి ఆ ఏడు కాయకపోయినా నిగనిగలాడుతూ ఉన్నాయి. వాటి పక్కన మిగతావి బాలింత జ్వరం వచ్చిన మనుషుల్లా ఉన్నాయి.

ఇంటికొచ్చి మా ఆయన మీద పడ్డాను. "మీరు వెళ్లి అడగండి. మగమనిషి అడిగితే వింటాడేమో."

వెళ్లి అడిగాడు. తిరిగొచ్చి కాళ్లు కడుక్కుని, "కాగితంలో ఉందన్నాడే. నిజంగానే ఉంది," అన్నాడు.

"అయితే డబ్బు వెనక్కిచ్చేద్దాం. తోట వదిలేయమనండి."

"డబ్బెక్కడుందే?"

డబ్బు మా నెత్తి మీదే ఉంది, డాబాగా. దాన్ని ఊడబీకి వ్యాపారి చేతిలో పెట్టలేం కదా. ఆ రోజు నేను అన్నం వండలేదు. ఆయన అటుకులు నానబెట్టుకుని తిని, నాకూ ఒక గిన్నెలో పెట్టి, మూత పెట్టి వెళ్లాడు.

మూడో ఏడు నేను తోటకి వెళ్లలేదు. ఎదురుగా నిలబడి చూడ్డమే తప్ప ఏమీ చేయలేనప్పుడు వెళ్లి ఏం లాభం? మిషను ముందు కూర్చుని జాకెట్లు కుట్టాను. చేతులు కుట్టబోయి మెడ కుట్టి, ఊరందరి చేతా మాటలు పడ్డాను.

కాయ అయిపోయాక వ్యాపారి వచ్చి, "ఇదిగోండి అక్కయ్యగారూ, మీ తోట మీకు అప్పజెప్పాను. మాట తప్పలేదు," అన్నాడు. నిజమే, ఎక్కడా తప్పలేదు. రాసుకున్నది రాసుకున్నట్టే చేశాడు. అదే నన్ను ఇప్పటికీ మండిస్తుంది. మోసం చేసి ఉంటే పదిమందిలో పెట్టేదాన్ని.

ఆ చలికాలం మా తోట పూయలేదు. కొమ్మల చివళ్ల నుంచి ఎండు దిగుతోంది. కొన్నిటికి బెరడు పగిలి జిగురు కారుతోంది. ఉద్యానశాఖాయన వచ్చి చూసి, ఎండిన కొమ్మలు కొట్టించి, ఎరువు బాగా పెట్టి, నీళ్లిచ్చి, రెండు మూడేళ్లు కాపు అడగకుండా చూసుకుంటే చాలా చెట్లు కోలుకుంటాయన్నాడు. ఆయన చెప్పిన ఖర్చు మా పింఛనుకి అందేది కాదు. తోట మీద పంట రుణం అడిగితే, వాళ్లిచ్చేది ఎరువులకే చాలేలా లేదు. బ్యాంకు మేనేజరు మాత్రం నవ్వుతూ, "మీ ఇంటి కాగితాలు క్లియర్‌గా ఉన్నాయి కదమ్మా. అవి పెట్టండి. వారంలో ఇప్పిస్తాను. ముందే కట్టేసిన మీలాంటివాళ్లకి ఇవ్వకపోతే ఎవరికిస్తాం?" అన్నాడు.

ఇల్లు ఆయన పేరున ఉంది. ఈసారి సంతకం ఆయనది.

నేను చాలా రోజులు అడగలేకపోయాను. ఆయన సాయంత్రం వీధి అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లతో "మనం ఒకడికి ఇచ్చేది లేదండీ," అంటూ కాళ్లూపుతుంటే, వెనక నిలబడి వినేదాన్ని. చివరికి ఒక పొద్దున కాఫీ ఇస్తూ అడిగేశాను. "ఇల్లు పెడదామండీ. చెట్లు నిలబడ్డాక మళ్లీ విడిపించుకుందాం. కవర్లు నా దగ్గరే ఉన్నాయి."

ఆయన అరవలేదు. గ్లాసు కింద పెట్టాడు.

"నువ్వేం చెబితే అది చేస్తానే. తోటకెళ్లి తట్టలు మోయమను, మోస్తాను. ఆ బ్యాంకు గుమ్మం మాత్రం ఎక్కించకు నన్ను," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నా తోటకి నేను సంతకం పెట్టినప్పుడు లేని భయం ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందని అడగాలనుకున్నాను. అడగబోయి ఆ మొహం చూశాను. తలుపు లేని గుమ్మంలో గోనెపట్టా చాటున పడుకున్న పిల్లాడు ఆ మొహంలో ఉన్నాడు. వాడి మీద ఎవరు కేకలేయగలరు? పోనీలెండి అన్నాను. పోనీయడానికి నాకు ఇష్టమేమీ లేదు. గట్టిగా పట్టుకోవడానికి ఏమీ దొరక్క అన్నాను.

ఇక మిగిలింది ఒక్కటే దారి. పక్క తోటలవాళ్లు మామిడి మొత్తం కొట్టించి పామాయిల్ వేసుకుంటున్నారు. అంత నావల్ల కాదు. సగం చెట్లు కలపకి అమ్మేసి, ఆ డబ్బుతో మిగతా సగాన్ని బతికించుకోవాలి. కలప వ్యాపారి వచ్చి, కొట్టాల్సిన చెట్లకి సున్నంతో గుర్తు పెట్టి ఉంచమని చెప్పి వెళ్లాడు.

మర్నాడు ఇద్దరం తోటకి వెళ్లాం. సున్నం బకెట్ ఆయన మోశాడు. నేను కుంచె తీసుకుని మొదటి వరుసలో మొదటి చెట్టు దగ్గరికి వెళ్లాను. నా చేయి లేవలేదు. ఆయన వచ్చి నా చేతిలోంచి కుంచె తీసుకున్నాడు.

"నేను పెడతాలేవే. కానీ ఏది బతుకుతుందో, ఏది బతకదో నాకు తెలీదు. నువ్వు చెప్పు," అన్నాడు.

చెప్పాను. ఆయన వెనకే నడుస్తూ, ఒక్కొక్క చెట్టునీ వేలు పెట్టి చూపించాను.