పోస్టమ్మ కొత్త మోకాలు

ఆ వీధుల్లో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. చిన్నా పెద్దా అందరికీ పోస్టమ్మే. ఇరవైతొమ్మిదేళ్లు కాలికి బలపం కట్టుకుని తిరిగి ఉత్తరాలు పంచింది. సంతకం తీసుకోవడం, కవరు చేతిలో పెట్టడం, గేటు వెయ్యడం అన్నీ ఒక్క ఊపులో అయిపోయేవి.

చివరికి కుడి మోకాలు మొరాయించింది. మెట్లు దిగుతుంటే లోపల ఇసుక నలిగినట్టుండేది. రెండేళ్లు మాత్రలతో నెట్టుకొచ్చి, ఇక గత్యంతరం లేక యాభై ఆరో ఏట మోకాలు మార్పించుకుంది.

ఆపరేషన్ సాఫీగానే అయింది. చిక్కంతా ఆ తర్వాతే. ఇంటికొచ్చి వ్యాయామం నేర్పే ఫిజియో అమ్మాయి పదిసార్లు కాలు లేపమంటే ఈమె ఇరవైసార్లు లేపేది. రెట్టింపు చేస్తే సగం రోజుల్లో తగ్గిపోతుందని ఆమె లెక్క.

ఏడో వారంలో ఒక ఉదయం లేచేసరికి నొప్పి మచ్చుకైనా లేదు. భర్త తన టైలరింగ్ షాపుకి వెళ్లగానే ఊతకర్ర మూలన పెట్టేసింది. ఇల్లంతా తుడిచింది. కర్టెన్లు విప్పి ఉతికింది. తడిబట్టల బకెట్టుతో రెండుసార్లు డాబా ఎక్కి దిగింది. మధ్యాహ్నానికి మోకాలు గుమ్మడికాయంత అయింది. ఆమె రెండు చేతులతో దాన్ని తడిమి చూసుకుంది. లోపల పెట్టిన కీలు ఊడిపోలేదు కదా?

తప్పు తనదే కాబట్టి, తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా దుప్పటి కప్పుకుని పడుకుంది. సాయంత్రం భర్త వచ్చి బోసిపోయిన కిటికీల వంక చూశాడు. దుప్పటి తీసి మోకాలూ చూశాడు.

"పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగమన్నారే!"

"పాలూ నీళ్లూ తర్వాత. ముందు నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. భయంగా ఉంది" అంటూ ఆమె బావురుమంది. అంతే, అతను మెడలో టేపు తీయడం కూడా మరిచిపోయి ఆటో కోసం పరిగెత్తాడు.

డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. "కీలు భేషుగ్గా ఉందమ్మా. చుట్టూ ఉన్న కండరాలే అలిసిపోయి అలిగాయి" అన్నాడు. కొండంత బరువు దిగిపోయి, కళ్లలో నీళ్లుండగానే ఆమె పకపకా నవ్వేసింది. పక్కకి తిరిగిన భర్త టేపు కొసతో కళ్లొత్తుకున్నాడు.

మర్నాడు ఫిజియో అమ్మాయి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "మంచిరోజు వచ్చింది కదా అని రేపటి నడక కూడా ఇవాళే నడిచేస్తే, ఎల్లుండి మంచమే గతి. అలిసిపోయాక కాదు, అలిసేలోపే కూర్చోవాలి. ఒళ్లు తేలిగ్గా ఉందని పెంచొద్దు. నేను చెప్పినప్పుడే పెంచాలి."

"ఇలా ఎన్నాళ్లు?"

"పూర్తిగా కుదురుకోవడానికి ఏడాది."

"ఏడాదా!"

"ఇరవైతొమ్మిదేళ్లు అరగదీశారు. ఒక్క ఏడాది ఇవ్వలేరా ఆంటీ?"

మూలన పెట్టేసిన ఊతకర్ర ఇటివ్వమని పోస్టమ్మ చెయ్యి చాపింది.

వాపు తగ్గాక రోజూ నాలుగిళ్ల దూరం నడిచి ఆగేది. అయిదో ఇల్లు ఎదురుగా కనిపిస్తుంటే వెనక్కి తిరగడం నడకకంటే కష్టమనిపించేది. ఒక్కో వారం ఎదుగూ బొదుగూ ఉండేది కాదు. ముసురు పట్టిన పదిరోజులూ మోకాలు కొయ్యబారింది. అయినా పంతానికి పోలేదు.

ఆరో నెలలో ఉద్యోగంలో చేరింది. మొదట ఆఫీసులో కూర్చుని ఉత్తరాలు వేరుచేసింది. తర్వాత సగం వీధులు ఆమెకూ, మిగతా సగం కొత్తగా చేరిన ఆవిడకూ పంచారు. ఇప్పుడు నాలుగైదు ఇళ్లకోసారి ఎవరి అరుగుమీదో కూర్చుంటోంది. రిటైరైన లెక్కల టీచరమ్మకు ఇరవయ్యేళ్లుగా నెలనెలా ఉత్తరం రాసేది ఆమె చిన్ననాటి స్నేహితురాలని అలా కూర్చున్నప్పుడే తెలిసింది. అన్నేళ్లూ అది తన చేతుల మీదుగానే వెళ్లింది!

ఏడాది నిండిన వారం, ఒక రిజిస్టర్ ఉత్తరం ఇవ్వడానికి మూడంతస్తులు ఎక్కింది. ప్రతి మలుపులోనూ ఆగింది, రెయిలింగ్ పట్టుకుని నింపాదిగా దిగింది. ఇంటికొచ్చి మోకాలు తడిమి చూసుకుంటే వాపూ లేదు, వేడీ లేదు.

"ఏమైంది?" భర్త కంగారుగా అడిగాడు.

"ఏమీ కాలేదండీ" అంది పోస్టమ్మ, హాయిగా కాళ్లు చాపుకుంటూ.