పాడించినవాడు

బాలస్వామికి దేవుడిచ్చిన ఆస్తి గొంతు ఒక్కటే. తెనాలి నిమ్మకాయల మార్కెట్లో బస్తాలు మోస్తూ, వేలంపాట పెట్టేవాళ్ల పక్కన నిలబడి నిలబడి ఆ కిటుకంతా పట్టేశాడు. పేటలోని లూథరన్ గుడిలో కోత పండుగనాడు, ఏడాదికొక్కసారి, దాన్ని బయటికి తీసేవాడు. ఆరాధన అయ్యాక జనం తెచ్చిన సొరకాయలూ కోళ్లూ అరటిగెలలూ పాటకి పెడతారు. వచ్చిన సొమ్ము గుడికి.

"ఏంటి మాస్టారూ, జీతం పెరిగిందంటగా, గొంతు పెగలదేం? ఈ సొరకాయ మిమ్మల్నే చూస్తందండీ!"

మాస్టారు సిగ్గుపడుతూ నూరు పాడేవాడు.

"నూరేనా! పంతులమ్మగారూ, మీ చేతివంటకి మీ ఆయన కట్టిన ధర విన్నారా?"

గుడంతా గొల్లుమనేది. ఇరవై రూపాయల సొరకాయ రెండొందలకి పోయేది. ఆ ఒక్కపూట బస్తాలు మోసేవాడు ఉద్యోగస్థుల జేబులో చెయ్యిపెడితే, వాళ్లు నవ్వుతూ పెట్టనిచ్చేవారు. భార్య రిబ్కా, నాలుకున్న మనిషి, "పెళ్లిరోజు గుర్తుండదు, కోత పండుగ మాత్రం గుర్తుంటుంది" అని దెప్పేది.

అడవులదీవిలో అతని మేనత్త ధనమ్మకి పిల్లలు లేరు. ఆమె పోయాక గొర్రె కూడా మూతిపెట్టని మూడెకరాల చవుడు నేల బాలస్వామికి వచ్చింది. రొయ్యల చెరువులవాళ్లు దాన్ని ఎనభై లక్షలకి కొన్నారు. మేనత్త మంచంపట్టిన రెండేళ్లలో చూడటానికి ఒక్కసారి వెళ్లాడు, అదీ బస్సు కుదుపులకి నడుం పట్టేసిందని మూలుగుతూ. రేపల్లెలో రిజిస్ట్రేషన్ పనికి మాత్రం ఏడుసార్లు తిరిగాడు. నడుం ఊసే ఎత్తలేదు.

కారు కొన్నాడు. నడపడం రాదు కాబట్టి డ్రైవర్ని పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. బాపట్ల సముద్రానికి వెళ్లి, బూట్లు విప్పకుండా ఇసకలో నడిచి, బూట్ల నిండా ఇసకతో తిరిగొచ్చాడు. నాలుగు వేళ్లకి నాలుగు ఉంగరాలు. డబ్బున్నవాళ్లు మెల్లగా మాట్లాడతారని ఎవరు చెప్పారో, గొంతు కూడా తగ్గించాడు. ఉన్న ఒక్క ఆస్తినీ అలా తాకట్టు పెట్టాడు.

ఆ ఏడు కోత పండుగకి గుడిలో ముందు వరస కుర్చీలో కూర్చున్నాడు. "పాట పెట్టడం చంటిగాడికి అప్పజెప్పండి. మనం పాడతాం" అన్నాడు మెల్లగా. చంటి ఆటో నడిపే కుర్రవాడు. పాట పెట్టే విద్య బాలస్వామి దగ్గరే నేర్చాడు.

"పెదనాన్నా, ఈ సొరకాయ కారెక్కుతానని ఒకటే గోలండీ!"

"ఐదు వేలు."

చప్పట్లు మోగాయి. చప్పట్లకి ఖర్చేముంది? కోడిపెట్ట మూడువేలు, కోడిగుడ్డు వెయ్యి. నాలుగో వస్తువుకి మాస్టారు చేతులు కట్టుకున్నాడు. తర్వాత ఎవరూ నోరు విప్పలేదు. చంటికి ఛలోక్తులతో పని లేకపోయింది. రెండు గంటల పాట అరగంటలో ముగిసింది. కారు నిండా ఎక్కించుకొచ్చిన కాయలు ఇంట్లో కుళ్లిపోతే రిబ్కా ముక్కు మూసుకుని పారబోసింది.

"ఎవరూ నవ్వలేదేంటే?" అన్నాడు బాలస్వామి.

"సరుకంతా ఒక్కడే కొంటే అది పాటెలా అవుద్దండీ? గోదాం అవుద్ది."

ఆ మాట అతన్ని ఏడాదంతా కుట్టింది. మరుసటేడు పాస్టరు అయ్యగారి దగ్గరికెళ్లి, ఈసారి పాట తనే పెడతానని బతిమాలాడు. కారు ఇంటి దగ్గర వదిలి, పాత చొక్కా వెతికి తొడుక్కుని గుడికి నడిచివచ్చాడు. ఉంగరాలు కూడా తీసేద్దామనుకున్నాడుగానీ, తిని తిని వేళ్లు లావెక్కాయి, ఊడిరాలేదు. ఆ వేళ్లతోనే సొరకాయ పైకెత్తి పాత గొంతు విప్పాడు.

"ఏంటి మాస్టారూ, జీతం పెరిగిందంటగా, గొంతు పెగలదేం?"

మాస్టారి ముఖం గట్టిపడింది. "మా జీతాలెంతలెండి, బాలస్వామిగారూ. మీరే తీసుకోండి."

ఇన్నేళ్లలో ఆయన నోట 'గారు' వినడం అదే మొదలు. బాలస్వామి ఆడవాళ్ల వైపు తిరిగాడు. కూలికెళ్లే స్టెల్లా కనిపించింది.

"స్టెల్లమ్మా, చీర కొత్తదల్లే ఉందే! యాభై అను!"

"పేదోళ్లని ఎగతాళి చేయమాకు అన్నా" అందామె, తల వంచుకుని.

నిరుడు కాక ముందటేడు ఇదే మాటకి ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. మాట అదే. అన్నవాడి వేళ్లకి ఉంగరాలు లేవు అప్పుడు, అంతే తేడా. ఆ మాత్రం తెలుసుకోడానికి బాలస్వామికి ఎనభై లక్షలు పట్టింది.

"నలభై... పోనీ ముప్ఫై..." గొంతు జారుతోంది.

"ఎందుకు పెదనాన్నా ఈ శ్రమ? మీరే కొని కార్లో పడేసుకోండి!" అన్నాడు చంటి.

గుడంతా గొల్లుమంది. బాలస్వామి ఏడాదిగా ఏ నవ్వు కోసం ఆకలిగొన్నాడో అదే. వచ్చింది, కాకపోతే అతని మీదికి.

అప్పుడు ఆడవాళ్ల మధ్య నుంచి రిబ్కా లేచింది.

"ఇరవై. బజార్లో దాని ధర అంతే."

"ఇరవై ఒకటోసారి" అన్నాడు బాలస్వామి. గుడంతా చూశాడు. "రెండోసారి."

మూడోసారి అనడానికి అతనికి చాలాసేపు పట్టింది.