బాలనర్సయ్య రుచి చూడని మందు

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు లోకులు. మరి రంగురంగుల సీసాల మధ్య ఆరేళ్లు నిలబడి, వచ్చినవాడికల్లా మందు కలిపిచ్చి, తాను మంచినీళ్లు తాగి ఇంటికెళ్లాడంటే ఎవరు నమ్ముతారు? కొండాపూర్ బాలనర్సయ్య మాట నమ్మినవాళ్లు ఇద్దరే. ఒకరు భార్య భూలక్ష్మి. రెండోవాడు ఇటలీ నుంచి వచ్చిన బెర్తోని అనే ముసలి ఇంజనీరు. మిగతా ఊరంతా మీసాల చాటున నవ్వుకుంది.

బాలనర్సయ్యది తాటిచెట్లు గీసి కల్లు తీసే ఇల్లు. పదిహేనో ఏట మోకు కట్టి చెట్టెక్కాడు. ఇరవై ఏళ్లు ఎక్కాడు, దిగాడు. 1968 ఎండాకాలంలో ఒక పొద్దున మాత్రం, గీసిన కల్లు తానే సగం తాగి మళ్లీ చెట్టెక్కాడు. మోకు జారింది. పట్నం దవాఖానలో మూడు నెలలున్నాక ప్రాణం దక్కింది గాని కుడికాలు వంగడం మానేసింది. ఇంటికి తెచ్చిన రోజే భూలక్ష్మి అతని చెయ్యి పట్టుకుని ఎల్లమ్మ గద్దె మీద పెట్టించింది.

"ఇగ చుక్క ముట్టనని ఒట్టెయ్యి. ఒట్టు దప్పితివా, నా పుస్తె తెగినట్టే" అంది.

వేశాడు. ఆ తర్వాత పెళ్లిళ్లలో, పండుగల్లో, చావుల్లో కూడా ముట్టలేదు. తోటివాళ్లు "ఒట్టు తీసి గట్టు మీద పెట్టు బావా" అని వేళాకోళమాడితే లేచి వచ్చేసేవాడు. ఇలాంటి మొండివాళ్ల మీద నాకు మొదట్నుంచీ గౌరవం.

చెట్టెక్కలేని గౌడుకు ఊళ్లో పనేముంది? లింగంపల్లి దారిలో కొత్తగా వెలిసిన యంత్రాల ఫ్యాక్టరీ గెస్ట్‌హౌసులో గ్లాసులు కడిగే పని దొరికింది. ఇటలీ నుంచి వచ్చిన యంత్రాలను బిగించడానికి ఇటలీవాళ్లే నలుగురు వచ్చి అక్కడ దిగారు. ముగ్గురు ఏడాది తిరక్కుండా ఎండకూ కారానికీ దండం పెట్టి వెళ్లిపోయారు. బెర్తోని ఉండిపోయాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఎక్కడుంటేనేం అనుకున్నట్టున్నాడు.

ఆయనకు ఇటలీ నుంచి వెర్మూత్ అనే మందు సీసాలు వస్తుండేవి. ద్రాక్షసారాయిలో వేర్లూ ఆకులూ నానబెట్టి వాళ్ల ఊరు తురిన్‌లో చేస్తారట. ఒక సాయంత్రం ఒక సీసా మూత తీసి పెట్టి ఉంటే బాలనర్సయ్య ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కల్లు మంచిదో పులిసిందో తాగకుండా చెప్పగల ముక్కు అది.

"మాచిపత్రి" అన్నాడు.

బెర్తోనికి అర్థం కాలేదు. మర్నాడు బాలనర్సయ్య గుప్పెడు మాచిపత్రి తెచ్చి చేతిలో పెట్టాడు. వినాయక చవితికి మనం పూజలో పెట్టే ఆకే. ముసలాయన దాన్ని నలిపి వాసన చూశాడు, సీసా వాసన చూశాడు, మళ్లీ ఆకు చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు. తన ఊరి కొండల మీద పెరిగే చేదాకుకు ఇది చెల్లెలని వచ్చీరాని హిందీలో చెప్పాడు. ఆ రోజు నుంచి గ్లాసులు కడగడం ఇంకొకరి పని, మందు కలపడం బాలనర్సయ్య పని అయింది.

జిన్ను ఒక వంతు, వెర్మూత్ ఒక వంతు, ఎర్రగా చేదుగా ఉండే మరో మందు ఒక వంతు, ఐసు ముక్కలు, పైన సంత్రా తొక్క. లెక్క సులువే. అయినా మొదటి రోజే మనవాడు తప్పు చేశాడు. మూడూ లోటాలో పోసి, మూత పెట్టి, గిలక్కొట్టి, నురగ తేలేలా గ్లాసులోకి ఎత్తి పోశాడు. నురగ లేని కల్లు చచ్చిన కల్లని గదా వాళ్ల తాతలు చెప్పింది! బెర్తోని ఆ నురగను చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత చెంచా తీసుకుని, పసిపిల్లను నిద్రపుచ్చుతున్నంత నెమ్మదిగా కలిపి చూపించాడు. గ్లాసు అవతల వేలు పెడితే వేలి గీతలు కనపడాలి, అంత తేటగా ఉండాలట. వారంలో బాలనర్సయ్యకు చెయ్యి కుదిరింది. ఒక్క చుక్క నాలుక మీద వేసుకోకుండా, వాసనతో, రంగుతో కుదిరించాడు.

అప్పట్నుంచి ఆరేళ్లు, ప్రతి సాయంత్రం ఇదే వరస. బెర్తోని వరండాలో కూర్చునేవాడు. ఎదురుగా రాళ్ల గుట్టలు, తాటిచెట్లు. గ్లాసు అందుకుని రెండో కుర్చీ చూపించేవాడు.

"నర్సయ్యా, తుమ్ భీ."

"కసమ్ హై సాబ్." ఒట్టుంది గదా.

"అకేలా పీనా అచ్ఛా నహీ." ఒంటరిగా తాగడం మంచిది కాదని వాళ్ల నాయన చెప్పేవాడట. ఎప్పటికైనా నీతో కలిసి ఒక్క గ్లాసు తాగి పోతాను అనేవాడు. బాలనర్సయ్య కూర్చునేవాడు గాని గ్లాసు అందుకునేవాడు కాదు. ఎలా ఉంది సాబ్ అని అడిగేవాడు. ముసలాయన చెప్పేవాడు కాదు. తాగి తెలుసుకో అని నవ్వేవాడు.

1976 మాఘమాసంలో బెర్తోనికి గుండెనొప్పి వచ్చింది. రెండు రోజులు దవాఖానలో ఉండి కన్నుమూశాడు. ఇటలీకి తంతి కొడితే, అయినవాళ్లెవరూ లేరని జవాబొచ్చింది. పట్నంలో ఫ్యాక్టరీవాళ్లే మట్టి చేశారు. బాలనర్సయ్య మూడు పిడికిళ్ల మన్ను వేసి ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అన్నం ముట్టలేదు.

"మూడో దినం పిట్టకు వెట్టేటోళ్లెవరు ఆయనకు?" అన్నాడు చివరికి.

చచ్చిపోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి కాకి కోసం ఎదురుచూడటం వాళ్ల ఇళ్లలో తప్పనిది. కాకి ముట్టకపోతే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిందని అర్థం. బెర్తోని కోరిక ఏమిటో బాలనర్సయ్యకు తెలుసు. భూలక్ష్మికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

మూడో రోజు పొద్దున్నే గెస్ట్‌హౌసు మేనేజరు చలపతిరావు దగ్గరికి వెళ్లాడు. ఏలూరు మనిషి, తాగుడంటే ఆమడ దూరం. చివరి వెర్మూత్ సీసా ఆయన బీరువాలో ఉంది, పెద్ద దొరలొచ్చినప్పుడు తీయడానికి.

"ఒక్క గ్లాసుకు గావాలె సారూ. పిట్టకు వెడత."

"వారు క్రైస్తవులు కదయ్యా! మన కాకులూ పిండాలూ వారికెందుకు?"

"ఆకలి దూప గూడ మతం జూస్తయా సారూ?"

చలపతిరావు బీరువా తెరిచి సీసా తీసి ఇచ్చాడు. "మా నాన్నగారికి కాకి మధ్యాహ్నం దాకా రాలేదు. నీళ్లు కూడా తాగకుండా నించున్నాం" అన్నాడు. అని, చెప్పులు విడిచి తనూ వెనకాలే వచ్చాడు.

గెస్ట్‌హౌసు వెనక బండ మీద భూలక్ష్మి విస్తరి వేసింది. రొట్టె, ఉడికించిన గుడ్లు, సంత్రా పండు పెట్టింది. బాలనర్సయ్య లోటాలో మూడూ పోసి, చెంచాతో నెమ్మదిగా తిప్పాడు. గ్లాసులో పోసి అవతల వేలు పెట్టి చూసుకున్నాడు. విస్తరిలో పెట్టి దూరంగా జరిగారు ముగ్గురూ.

కాకులు వచ్చాయి. తాటిమట్టల మీద వాలాయి, అరిచాయి, దిగలేదు. ఎండ బండ మీదికి పాకింది. ఐసు కరిగిపోయింది.

బాలనర్సయ్య లేచాడు. లోటాలో ఇంకా నాలుగు గుక్కల మందు మిగిలి ఉంది. దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. భార్య మెడలోని పుస్తె వైపు చూశాడు, వెంటనే చూపు తిప్పుకున్నాడు. ఒక పక్క బతికున్న ఆడది, ఒక పక్క పోయిన స్నేహితుడు. ఎవరికి ద్రోహం చెయ్యాలి?

భూలక్ష్మి వచ్చి లోటా పట్టుకుంది.

"ఇటు దే."

"సాబుకు మాటియ్యలే గని, మనసుల..."

"నాకెరుకే. ఒట్టు వెట్టుకున్నది నువ్వు. నేను గాదు. నీ ఇంట్ల సగం నేను గానా? ఆయన పక్కన నేను గూసుంట."

విస్తరి ఎదురుగా బండ మీద కూర్చుని, కొంగు సర్దుకుని, గ్లాసు వైపు ఒకసారి తల వంచి, లోటా ఎత్తి తాగింది. మొహం ముడుచుకుపోయింది. చలపతిరావు కంగారుగా ఒక అడుగు ముందుకేశాడు. ఆమె చేత్తో ఆగమంది. రెండో గుక్క తాగింది. ఈసారి మెల్లగా మింగింది.

"ఎట్లున్నదే?" అని అడిగాడు బాలనర్సయ్య. ఆరేళ్లుగా అడుగుతున్న ప్రశ్న అది.

"నోట్ల పోసుకోంగనే చేదు. మింగినంక ఎనక నుంచి తీపొస్తది. జర సేపు అట్లనే ఉంటది. మంచిగ కలిపినవయ్యా" అంది.

అప్పుడు ఏడ్చాడు బాలనర్సయ్య. చెట్టు మీంచి పడ్డనాడు ఏడవనివాడు, శ్మశానంలో ఏడవనివాడు, బండ మీద కూలబడి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కాకి ముట్టిందా అని ఊళ్లో అడిగినవాళ్లందరికీ భూలక్ష్మి ముట్టిందనే చెప్పింది. చలపతిరావూ అవునండీ, నేనూ చూశాను అన్నాడు. బాలనర్సయ్యను అడిగితే మాత్రం, నా మొహం మీద తువ్వాలుండె, నేను చూడలేదు అనేవాడు.