వీపు ఆనని కుర్చీ

ఈ పరాయి దేశంలో మేముండే క్వేకర్స్ హిల్‌లో మా పక్కింటి కెప్టెన్ ఫిలిప్పీన్స్ సైన్యంలో పనిచేసినవాడు. రోజూ మా వరండాలో టీ తాగేవాడు, కుర్చీ అంచున నిటారుగా, వీపు ఆనకుండా.

"ఏమయ్యా కెప్టెనూ, కుర్చీ అరిగిపోతుందనా? వెనక్కి ఆనుకో" అని కసిరేదాన్ని. మా మనవరాలు నా మాట ఆయనకి ఇంగ్లీషులో, ఆయన మాట నాకు తెలుగులో చెప్పేది.

ఆయన నవ్వేవాడు. "మిలిటరీ స్కూల్లో మొదటి ఏడాది ఇలాగే కూర్చోబెట్టారమ్మా."

"అది వదిలి యాభై ఏళ్ళైంది కదయ్యా!"

ఒకనాడు నవ్వలేదు, అసలు సంగతి చెప్పాడు. ఆయన జాలరి కొడుకు. కష్టపడి చదివి లెఫ్టినెంట్ అయ్యాడు. మొదటిసారి కొండల్లో కాపలాకి వెళ్ళినప్పుడు, అలసి చెట్టుకు ఆనుకున్నాడట. కన్ను అంటుకుంది. లేచేసరికి, ఆయన మేలుకుని ఉంటాడని నమ్మి పడుకున్న నలుగురు కుర్ర సిపాయిలు శత్రువుల చేతిలో చచ్చిపడి ఉన్నారు.

"అమ్మమ్మా, హి వాస్ ఓన్లీ ట్వెంటీ టూ" అని మనవరాలు ఏడ్చింది. ఆ తరవాత నేనెప్పుడూ ఆనుకోమనలేదు.

మొన్న ఆయన పోయాక, వాళ్ళింట్లో ఆయన రోజూ కూర్చునే కుర్చీని వాళ్ళావిడ రోడ్డు పక్కన పెట్టింది. పనికొచ్చేది పారేస్తే చూడలేను, ఇంటికి తెచ్చుకున్నాను. ముందు అంచున గుడ్డ అరిగి దారాలు తేలింది. వీపు ఆనేచోట కొత్తగానే ఉంది.

అంచుకు అతుకు వేసి కూర్చున్నాను. వెనక్కి ఆనుకుందామంటే నా వల్ల కాలేదు.