ఇన్నాసమ్మ వెతికిన మనిషి

మోకాళ్ళు మొరాయించి, కావేరి ఒడ్డున ఉన్న ఆశ్రమంలో వంట మానేసి ఇన్నాసమ్మకు పదేళ్ళయింది. అయినా సాయంత్రం భోజనానికి ముందు పావుగంట కళ్ళు మూసుకుంటుంది. ఆశ్రమంలో అది ఆత్మపరిశోధన వేళ. సిలువ గుర్తు వేసుకుని ఆ రోజు చేసిన తప్పులు తలచుకోమనేవారు కాషాయం కట్టిన క్రైస్తవ గురువు అడైక్కలం సామి. ఆపైన, ‘ఇవన్నీ చేసిన నేను ఎవరు?’ అని లోపలికి చూడమనేవారు. పొయ్యి మీద రసం సన్నగా మరిగే చప్పుడు, కొబ్బరిమట్టల పొగ ఆమెకు ఇప్పటికీ గుర్తే.

వంట చేసే రోజుల్లో ఒక ఏడు ఈస్టరుకు ముందు నూనె సీసా కనబడక, తన దగ్గర కూరలు తరిగే తెరేసును నలుగురిలో నూనె దొంగ అంది. తెరేసు కత్తిపీట పక్కకు నెట్టి వెళ్ళిపోయింది. మూడోనాడు సీసా కట్టెల వెనక దొరికింది. అక్కడ పెట్టింది ఇన్నాసమ్మే.

సామి ముందు తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఆ సంగతి చెప్పి, “మీరు చెప్పినట్టే వెతికాను సామీ. ఆ మాటన్న మనిషి లోపల ఎక్కడా దొరకలేదు. ఇక నాకు పాపం ఎక్కడిది?” అంది, కాస్త గర్వంగానే.

సామి చాలాసేపు నవ్వారు. “అట్లాగా! అయితే తెరేసు ఇంటికెళ్ళి తప్పయిందని చెప్పిరా. అడ్డుపడేవాళ్ళు ఎవరూ లేరుగా.”

ఇన్నాసమ్మ విసురుగా తలెత్తింది. “నేనా? దాని గుమ్మం తొక్కాలా?”

“ఇదిగో, దొరికిందమ్మా!” అన్నారు సామి.

రెండు రోజులు తప్పించుకు తిరిగింది. మూడోరోజు ఎండిన ఏటి ఇసుక దాటి వెళ్ళింది.

“ఏం అక్కా, ఈసారి ఏం పోయింది? ఉప్పు డబ్బానా?” అంది తెరేసు, పిండి పిసుకుతూనే. పక్కింటి ఆడవాళ్ళు తొంగిచూశారు.

“ఏం పోలేదే. సీసా నేనే పెట్టి మరిచిపోయాను. నిన్ను దొంగన్నాను. తప్పు నాది.”

“ఆవేళ నలుగురిలో అన్నావు.”

“అందుకే వీళ్ళంతా వినేటట్టు చెప్తున్నా.”

ఆ మాట అనేశాక, సిగ్గుపడాల్సిన మనిషి లేకుండా పోయింది. ఇసుక మీది ఎండ, తెరేసు చేతుల పిండి, గోడ మీది కాకి మాత్రం ఉన్నాయి. ఎంతసేపో ఆమెకు తెలియదు.

“నిలబడిపోయావేం? కూర్చో, గంజి తాగు. పనికి మాత్రం పండగయ్యాకే వస్తా. అందాకా నువ్వే తరుక్కో.”

వేళ్ళు కోసుకుంటూ తరుక్కుంది. తర్వాత ఎన్నేళ్ళు కళ్ళు మూసుకు కూర్చున్నా అలాంటిది మళ్ళీ రాలేదు. సామికి కూడా చెప్పలేదు. తెరేసు బతికున్నన్నాళ్ళూ దానితో మాత్రం అప్పుడప్పుడు అనేది: “ఆవేళ నీ గుమ్మంలో ఎంత చల్లగా ఉందే!”

“చల్లనా? మిట్టమధ్యాహ్నం వచ్చావు. అప్పటికి తల మాడిపోయి ఉంటుందిలే అక్కా.”