నా పేరున ఓ పిడికెడు

పోయిన నెలలో ఒక ఉదయం అల్లవరం నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అత్త ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. పొయ్యి దగ్గరే, కూర్చున్నది కూర్చున్నట్టే." మా ఇళ్లలో చావును ఇలాగే చెబుతారు. ఆ మాట మీద నాకు గట్టి నమ్మకం ఉండి ఉంటే, మా మేనత్త గురించి మీకు ఈ నాలుగు ముక్కలూ రాసే అవసరం ఉండేది కాదేమో.

మా క్రైస్తవ సంఘంలో ఆడవాళ్లకు ఒక అలవాటుంది. అన్నానికి బియ్యం తీసేటప్పుడు ముందుగా ఒక పిడికెడు వేరే కుండలో వేస్తారు. వారమంతా పోగైన ఆ బియ్యం ఆదివారం గుడికి కానుకగా వెళతాయి. అందరూ ఇంటికో పిడికెడు వేస్తే అత్త మనిషికొకటి వేసేది. వేస్తూ ఆ మనిషి పేరు పైకే చెప్పేది. మా అమ్మ వేళాకోళమాడేది.

"దేవుడికేవన్నా చెవుడా వదినా, అంత గట్టిగా చెప్తావు?"

"ఆయనకి కాదమ్మాయ్, నాకు వినపడాలని."

ఆ మాట వెనక కువైట్ ఉంది. భర్త పోయాక అత్త అక్కడ ఒకరింట్లో పనికి వెళ్లింది. తనకు ముందు ఆ ఇంట్లో పనిచేసిన మనిషి పేరుతోనే తననూ పిలిచేవారట. కొత్త పేరు నేర్చుకునే శ్రమ ఎందుకని. "కొన్నాళ్లకి నేనూ ఆ పేరుకే పలికేసేదాన్నే. ఓసారి మీ నాన్న ఫోన్లో నా పేరెట్టి పిలిస్తే, ఎవర్నో అనుకున్నాను." ఆ మర్నాటి నుంచి వాళ్ల బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి, పిడికిలి బిగించి, బాప్తిస్మంలో తనకిచ్చిన పేరు చెప్పుకుని, మళ్లీ అందులోనే వదిలేసేదట. "బియ్యం వాళ్లవి, తియ్యకూడదు. పిడికిలి నాది. పేరు ప్రభువిచ్చింది. దాన్ని పోగొట్టుకుంటే ఆయనకేం చెప్పను?"

నా సంగతి వేరు. నేను ఎం.ఏ. చదివాను, కాలేజీలో పాఠాలు చెబుతాను. పెళ్లి కూడా అయింది. "నువ్వు ఇంట్లో ఉన్నా లేనట్టే ఉంటుంది" అని చెప్పి ఆయన వెళ్లిపోయారు. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అన్నారు, అందుకే నమ్మేశాను.

అప్పుడు అత్త దగ్గరికి వెళితే ఆవిడ ఓదార్చలేదు. బియ్యం చేట నా ముందుకు తోసింది.

"తియ్యి. నీ పేరు చెప్పి కుండలో వెయ్యి."

"నాకు నమ్మకం లేదత్తా."

"నమ్మకం అడిగేనా నిన్ను? పేరు చెప్పమన్నాను."

నోటికి రాలేదు. ఇంత చదువు చదివి, నా పేరు నేను అనలేకపోయాను. "సర్లే, నీకొచ్చేదాకా నేను చెప్తాలే" అని తనే వేసింది.

ఆ తరువాత నేను గుడికి వెళ్లింది తక్కువ, ప్రార్థన చేసింది ఇంకా తక్కువ. కానీ కాకినాడలో నేను నిద్ర లేచే వేళకి, అల్లవరంలో ఒక వంటింట్లో ఎవరో నా పేరు పైకి చెబుతున్నారని తెలుసు. దేవుడున్నాడో లేడో తేల్చుకోలేకపోయాను గాని, ఆ వేళకి నేనున్నానని మాత్రం తెలిసేది.

భూస్థాపన అయ్యాక ఇంటి ముందు షామియానా కింద భోజనాలు పెట్టారు. నేను రెండు ముద్దలు తిన్నానో లేదో, పాస్టరమ్మగారు ఖాళీ కుండ పట్టుకుని వంటింట్లోంచి వచ్చారు.

"ఇందులో బియ్యం ఏవయ్యేయండీ?"

"చాలవేమోనని ఎసట్లో పోసేసేనండీ," అంది వంటకు సాయం వచ్చిన పక్కింటావిడ.

"అవి కానుక బియ్యమండీ!"

"అయ్యబాబోయ్! కంగార్లో చూసుకోలేదండీ." ఆవిడ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "ఆవిడే ఉంటేనా, మనందరి చేతా ఉపవాసం చేయించేసును!"

ఏడ్చి ఉబ్బిన మొహాలతోనే అందరూ నవ్వారు. "పర్లేదులెండి, ప్రభువేమీ అనుకోడు," అని పాస్టరమ్మగారూ నవ్వేశారు.

నేను నా విస్తరి కేసి చూస్తూ ఉండిపోయాను. ఆ వారం అత్త నా పేరున వేసిన బియ్యం అందులోనే ఎక్కడో ఉన్నాయి, అందరి బియ్యంతో కలిసి ఉడికిపోయి. ఏ మెతుకు నాదో. దేవుడికి చేరవలసింది తిరిగి నా విస్తట్లోకే వచ్చిందంటే, అత్తయితే దానికో అర్థం చెప్పేది. నాకేమీ తోచలేదు. తినలేక, ఆకు మడవలేక, అన్నం చల్లారేదాకా కూర్చున్నాను.

కాకినాడ వచ్చేశాను. ఇప్పుడు నా పేరు చెప్పేవాళ్లు లేరు. మాలో పోయినవాళ్ల పేరున పిడికెడు వెయ్యరు కనుక, అత్త పేరూ చెప్పలేను. మిగిలింది నా పేరే. పొద్దున్నే బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి పిడికిలి బిగిస్తాను. నోరు తెరుస్తాను. పొయ్యి మీద ఎసరు కాగిపోతూ ఉంటుంది. కింద వీధిలో కూరగాయల బండి అరుచుకుంటూ వెళ్లిపోతుంది. పేరు రాదు. పిడికిలి మాత్రం విప్పలేను. వేళ్ల సందుల్లోంచి ఒక్కో గింజే డబ్బాలోకి జారిపోతూ ఉంటుంది.